నాటకంలో స్ట్రిక్ట్ సారు, మంచి మేడమ్

బడి పిల్లల మీద నాటకం రాద్దామని కూర్చున్న ఎవరికైనా ముందు తట్టేది ఇద్దరు టీచర్లే. ఒక సారు, చేతిలో బెత్తం, ముక్కు మీద కోపం, ఆయన చెప్పుల చప్పుడు వినగానే క్లాసంతా బిగుసుకుపోతుంది. ఒక మేడమ్, నవ్వుతూ వస్తుంది, పిల్లలు చుట్టూ మూగుతారు, పాఠం పక్కన పెట్టి కథ చెబుతుంది. మొదటి రంగంలో సారు ఒక పిల్లాడిని కొడతాడు, రెండో రంగంలో వాడిని మేడమ్ దగ్గరికి తీసుకుంటుంది, మూడో రంగంలో వాడికి ఫస్ట్ ప్రైజ్ వస్తుంది, సారుకి కనువిప్పు కలుగుతుంది, తెర పడుతుంది. తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. (కొట్టక ఏం చేస్తారు, స్టేజీ మీద ఉన్నది వాళ్ల పిల్లలే కదా.)

ఈ కథ చెప్పే విషయంతో నాకు గొడవేం లేదు, కొట్టడం తప్పు కాదని ఎవరంటారు ఇప్పుడు. గొడవల్లా ఏమిటంటే, నాటకం మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. ఎవరి పక్షాన ఉండాలో తెలిసిపోయాక చూసేవాళ్లు మిగతాసేపు కూర్చునేది మర్యాద కోసమే. పిల్లల నాటకాలు చదువుతూ, రిహార్సల్స్‌లో వెనక బెంచీలో కూర్చుని చూస్తూ ఉండగా నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది: ఈ టీచర్లిద్దరికీ తేడా ఏమిటో తెలియాలంటే వాళ్లను స్టేజీ మీద నుంచి బయటికి పంపించాలి. సారు ఆఫీసు రూములోకి వెళ్లాడు, క్లాసులో ఐదు నిమిషాలు ఎవరూ లేరు, ఇప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారు? మేడమ్ క్లాసులో అదే ఐదు నిమిషాలు ఎలా గడిచాయి? ఈ రెండు సీన్లూ పక్కపక్కన రాయగలిగితే బెత్తంతో పనే లేదు.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టింది కాదు. మనందరికీ తెలిసిన ప్రహ్లాదుడి కథ చూడండి, అందులో బడి ఉంది, హాస్టల్ లాంటిదుంది, ఒక్కరికి ఇద్దరు టీచర్లున్నారు, చండుడూ అమర్కుడూ. వీళ్లను స్టేజీ మీద చాలాసార్లు కమెడియన్లుగా వాడేస్తారు, నిలువు నామాలు అడ్డనామాలు, ఒకడు పొడుగు ఒకడు పొట్టి. కానీ భాగవతంలో వాళ్లు చేసే పని గమనిస్తే ముచ్చటేస్తుంది. రాజుగారి ముందు పిల్లాడు హరి పేరెత్తగానే ఇంటికి తీసుకొచ్చి ముందు మెత్తగా అడుగుతారు, నాయనా నీకు మేలు కలుగుగాక, నిజం చెప్పు, ఈ బుద్ధి నీకు ఎవరు నేర్పారు, నీకు నువ్వే తెచ్చుకున్నావా అని. వాడు తడుముకోకుండా మళ్లీ అదే చెప్పేసరికి, తీసుకురండిరా బెత్తం అంటారు. అంటే మెత్తని గురువూ, కఠినమైన గురువూ ఒకే మనిషిలో, నాలుగు మాటల తేడాతో. ఎందుకలా మారారు? పైన హిరణ్యకశిపుడున్నాడు. వాళ్ల మెత్తదనం ఆయన భయంతోనే, బెత్తం కూడా ఆయన భయంతోనే.

చివరికి అసలు సంగతి ఎప్పుడు జరుగుతుంది? గురువులిద్దరూ ఇంటి పనుల మీద వెళ్లినప్పుడు. తోటి పిల్లలు ఆటకు పిలుస్తారు, ప్రహ్లాదుడు వాళ్లను కూర్చోబెట్టుకుని తన పాఠం మొదలుపెడతాడు. బడిలో అన్నాళ్లుగా చెప్పిన రాజనీతి పాఠాలన్నీ ఆ ఒక్క ఖాళీ పీరియడ్‌లో కొట్టుకుపోయాయి. నాటకం రాసేవాళ్లు ఈ ఖాళీ పీరియడ్‌ను వదులుకుని, ఏనుగుల చేత తొక్కించే సీన్ కోసం ఎందుకంత ఖర్చు పెడతారో నాకు అర్థం కాదు.

స్ట్రిక్ట్ టీచర్ని రాసేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న కూడా అక్కడినుంచి వచ్చిందే. ఈయన ఎవరికి భయపడుతున్నాడు? హెడ్మాస్టరుకా, ఇన్‌స్పెక్షన్‌కా, రిజల్ట్ శాతానికా, లేకపోతే ఒక్కసారి పట్టు వదిలితే ఈ నలభైమందీ తన చేతిలోంచి జారిపోతారనే లోపలి భయమా? దీనికి జవాబు దొరికితే ఆయన అరవాల్సిన అవసరం కూడా తగ్గిపోతుంది. నిజానికి పిల్లలు ఎక్కువ భయపడే టీచర్లు అరిచేవాళ్లు కారు. చాక్‌పీస్ బల్ల మీద పెట్టేసి, ఏమీ అనకుండా, ఎవరో లేచి నిలబడేదాకా కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లు. ఆ నిశ్శబ్దాన్ని స్టేజీ మీద పది సెకన్లు నిలబెట్టగలిగితే హాలంతా తమ స్కూలు రోజుల్లోకి వెళ్లిపోతుంది. దర్శకులకు మాత్రం ఆ పది సెకన్లంటే మహా టెన్షన్, డైలాగ్ మర్చిపోయారని ప్రాంప్టర్ అందించేస్తాడు.

ఖాళీ పీరియడ్ సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దీని మీద శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది, నాటకం రాసేవాళ్లకు అది నిధి. కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అనే ముగ్గురు అమెరికాలోని అయోవాలో 10 ఏళ్ల కుర్రాళ్లతో బడి అయ్యాక నడిచే క్లబ్బులు పెట్టారు, మాస్కులు తయారు చేయడం లాంటి పనులు ఇచ్చారు, 1939లో ఫలితాలు ప్రచురించారు. క్లబ్బు నడిపే పెద్దమనిషి మూడు రకాలు. ఒకడు అన్నీ తనే నిర్ణయిస్తాడు, ఎవరు ఎవరితో కూర్చోవాలో తనే చెప్తాడు, పనిని కూడా ఒక్కో మెట్టే చెప్తాడు, తర్వాత ఏం చేయాలో పిల్లలకు తెలియనివ్వడు. రెండోవాడు పిల్లలతో కూర్చుని చర్చించి, ఏం చేద్దాం ఎలా చేద్దాం అని వాళ్లతోనే తేల్పిస్తాడు. మూడోవాడు సామాన్లు ఇచ్చి వదిలేస్తాడు, అడిగితే చెప్తాడు, అడక్కపోతే లేదు.

పెత్తందారు గదిలో ఉన్నంతసేపు పని బాగానే సాగింది. ఆయన బయటికి వెళ్లగానే బాగా పడిపోయింది. చర్చించే మనిషి క్లబ్బులో మాత్రం ఆయన ఉన్నా లేకపోయినా పిల్లలు దాదాపు అలాగే పని చేసుకున్నారు. పెత్తందారు కింద పిల్లలు రెండు రకాలుగా తయారయ్యారు, కొన్ని గుంపులు నోరు మెదపకుండా పడి ఉన్నాయి, కొన్ని ఒకళ్ల మీద ఒకళ్లు పడి కొట్టుకున్నాయి, అదీ ఎక్కువగా తమలో ఒకడిని పట్టుకుని ఏడిపించడం. పైవాడిని ఏమీ అనలేరు కదా, పక్కవాడు దొరికాడు. అంటే మీ నాటకంలో స్ట్రిక్ట్ సారు క్రూరత్వం చూపించడానికి ఆయన ఎవరినీ కొట్టక్కర్లేదు. ఆయన వెళ్లాక మానిటర్ ఏం చేస్తాడో చూపించండి. బోర్డు మీద పేర్లు రాసే ఆ మానిటర్, తనకు పెన్సిల్ ఇవ్వని వాడి పేరు పక్కన ఇంకో గీత గీసే మానిటర్, సారు గొంతును అచ్చు దింపేసే మానిటర్. ఆ కుర్రాడి వేషమే నన్నడిగితే నాటకంలో అన్నిటికన్నా కష్టమైన వేషం.

ఆ ప్రయోగంలోనే ఇంకో సంగతి ఉంది. పెత్తందారు కింద అణగి ఉన్న పిల్లల్ని స్వేచ్ఛగా ఉండే వాతావరణంలోకి మార్చినప్పుడు మొదట్లో ఒక్కసారిగా అల్లరి పొంగింది. ఇది టైమ్‌టేబుల్ తెలిసిన ఏ టీచర్ని అడిగినా చెప్తారు. లెక్కల సారు పీరియడ్ తర్వాత వచ్చే పీరియడ్ ఎవరిదైతే వాళ్ల ఖర్మ. పాపం మంచి మేడమ్ రాగానే క్లాసు చేపల మార్కెట్ అయిపోతుంది, అప్పుడే హెడ్మాస్టరు వరండాలో నడుస్తూ ఉంటాడు, చూసి ఏమనుకుంటాడు? సారు క్లాసు గుడిలా ఉంటుంది, ఈవిడకు కంట్రోల్ లేదు. మొదటి పీరియడ్‌లో బిగించినదే రెండో పీరియడ్‌లో బద్దలయిందని ఆయనకు ఎవరు చెప్తారు. నాటకానికి ఇంతకన్నా మంచి గొడవ ఏం కావాలి, విలన్ అక్కర్లేదు, కనువిప్పు అక్కర్లేదు, ఇద్దరు టీచర్లు స్టాఫ్ రూములో ఎదురుపడితే చాలు.

మెత్తని టీచర్ని సమర్థించడానికే ఈ ప్రయోగం పనికొస్తుందని అనుకోకండి. సామాన్లిచ్చి వదిలేసిన క్లబ్బులో పని పెద్దగా జరగలేదు. అలాగే రెండు పద్ధతులూ చూసిన 20 మంది కుర్రాళ్లలో 19 మంది పెత్తందారు కన్నా చర్చించే మనిషే నచ్చాడన్నారు. మిగిలిన ఆ ఒక్కడికి మాత్రం కఠినంగా ఉండేవాడే నచ్చాడు, వాడు ఒక సైనికాధికారి కొడుకు. నాకు ఆ 19 మంది కంటే ఈ ఒక్కడు ఎక్కువ గుర్తుంటాడు. నాటకం రాస్తే వాడి గురించి రాయాలి. తోటివాళ్లంతా మేడమ్ చుట్టూ మూగితే, వాడు మాత్రం సారు రాక కోసం బెంచీ సర్దుకుని కూర్చుంటాడు. ఇంట్లో అలవాటైన గొంతు బడిలోనూ వినపడితే వాడికి ధైర్యం.

ఇప్పుడు మెత్తని టీచర్. ఈ పాత్ర రాయడం మహా కష్టం, ఎవరూ ఒప్పుకోరు గానీ. రిహార్సల్‌లో పిల్లల్ని స్ట్రిక్ట్ టీచర్లా చేసి చూపించమంటే క్షణంలో చేసేస్తారు, నడుం మీద చెయ్యి, వేలెత్తి బెదిరింపు, నిశ్శబ్దం అని అరుపు. మంచి టీచర్లా చేయమంటే మాత్రం నవ్వుతూ నిలబడిపోతారు. ఏం చేయాలో తెలియదు. చాలామంది రచయితల పరిస్థితీ అదే, అందుకే ఆ మేడమ్ చేత పాట పాడించేస్తారు.

అసలు మెత్తదనం ఒకటే రకం కాదు. పిల్లల మీద నమ్మకంతో వదిలేవాళ్లుంటారు, ఎవరితోనూ పేచీ పెట్టుకోలేక వదిలేవాళ్లుంటారు, పిల్లలకు తను నచ్చాలనే ఆశతో వదిలేవాళ్లుంటారు. దూరం నుంచి చూస్తే ముగ్గురూ నవ్వుతూనే ఉంటారు. మూడో రకం నాకు అన్నిటికన్నా ఆసక్తి. హోంవర్క్ చేయని పిల్లాడి సీన్ తీసుకోండి. సారు క్లాసులో వాడు అబద్ధం చెప్తాడు, భయం కాబట్టి. మేడమ్ క్లాసులో నిజం చెప్తాడని మనం రాస్తాం. చెప్పడు. అక్కడా అబద్ధమే చెప్తాడు, ఎందుకంటే ఆవిడ మొహం చిన్నబోతుందని, ఆవిడ బాధపడితే తను చూడలేనని. సారు దగ్గర అబద్ధం దొరికిపోతే రెండు దెబ్బలతో పోతుంది, మేడమ్ దగ్గర దొరికిపోతే వారం రోజులు గుచ్చుకుంటూ ఉంటుంది. మెత్తని టీచర్ చేతిలో కూడా ఆయుధం ఉంటుందన్నమాట, దాన్ని ఆవిడ తెలిసి వాడుతోందా తెలియక వాడుతోందా అన్నదే ఆ పాత్ర.

ఇంకొకటి, మెత్తని క్లాసులో ఎవరు లాభపడతారు? నోరున్నవాళ్లు. చెయ్యెత్తినవాళ్లకే మాట అంటే ఆ నలుగురే పీరియడంతా మాట్లాడతారు, మేడమ్ కూడా ఉత్సాహంగా వాళ్లతోనే మాట్లాడుతుంది, క్లాసు కళకళలాడుతున్నట్టు ఉంటుంది. మూడో బెంచీ చివర గోడ పక్కన కూర్చున్న అమ్మాయి సంవత్సరమంతా నోరు తెరవకుండానే పై క్లాసుకు వెళ్లిపోతుంది. సారు క్లాసులో రోల్ నంబర్ వరుసలో లేపుతారు. ఆ వరుస ఆ అమ్మాయికి నరకం, రెండు నంబర్ల ముందు నుంచే చేతులకు చెమటలు పడతాయి, అయినా తన వంతు వస్తుంది. తప్పు చెప్పినా సరే తన గొంతు క్లాసులో వినపడుతుంది. ఈ అమ్మాయిని నాటకంలో పెట్టారంటే చూసేవాళ్లు ఇంక తేలిగ్గా ఒక పక్షాన కూర్చోలేరు. సారుని మంచివాడిగా చేయమని నేననడం లేదు. ఆయన పద్ధతి ఆ అమ్మాయికి చేసిన మేలు ఆయనకు కూడా తెలియదు, తెలిసి చేసింది కాదు, తెలియకుండానే ఉండాలి.

స్టేజీ మీద ఈ జోడీ ఎంత పాతదో చెప్పడానికి ప్రాచీన గ్రీకు నాటకకర్త అరిస్టోఫనీస్ ఒక్కడు చాలు. క్రీ.పూ. 423లో ఏథెన్స్‌లో ఆడిన ‘మేఘాలు’ అనే ప్రహసనంలో పాత చదువు ఒక పాత్రగా, కొత్త చదువు ఇంకో పాత్రగా వచ్చి, ఒక కుర్రాడిని ఎవరు చదివించాలా అని వాదులాడుకుంటాయి. పాత చదువు, మా కాలంలో పిల్లలు మంచు కురుస్తున్నా బారులు తీరి కిక్కురుమనకుండా నడిచేవాళ్లు అంటుంది. కొత్త చదువు, హాయిగా నచ్చింది చేసుకో, మాటతో ఎలా తప్పించుకోవాలో నేను నేర్పిస్తా అంటుంది. గెలిచేది కొత్త చదువే. ఆ చదువు అబ్బిన కొడుకు ఇంటికొచ్చి తండ్రిని కొట్టి, కొట్టడం ఎందుకు న్యాయమో తర్కంతో నిరూపిస్తాడు, తండ్రి వెళ్లి బడికి నిప్పు పెడతాడు. పోటీలో ఈ నాటకానికి మూడో స్థానమే వచ్చింది, ఆడినవి మూడే. ‘మా కాలంలో’ అనే ఆ డైలాగుకు మాత్రం ఇప్పటికీ వయసు మళ్లలేదు, పేరెంట్స్ మీటింగుకు వెళ్తే వినొచ్చు.

ఇద్దరు టీచర్ల తేడాను నాకు తెలిసి అన్నిటికన్నా బాగా పట్టుకున్నది ఇంగ్లిష్ నాటకకర్త టెరెన్స్ రాటిగన్ 1948లో లండన్‌లో ఆడించిన ఏకాంకిక ‘ది బ్రౌనింగ్ వెర్షన్’. క్రాకర్-హారిస్ గ్రీకు, లాటిన్ చెప్పే మాస్టారు, పిల్లలకు సింహస్వప్నం, ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం వదులుతున్నాడు. ఫ్రాంక్ హంటర్ సైన్స్ మాస్టారు, కుర్రవాడు, పిల్లలకు ఇష్టుడు. పైకి చూస్తే మన ఫార్ములానే. కానీ మొదలవడమే ఎలా మొదలవుతుందంటే, ట్యూషన్‌కు వచ్చిన టాప్లో అనే కుర్రాడు, క్రాకర్-హారిస్ ఇంకా రాకముందు, ఆయన గొంతును అనుకరించి హంటర్‌ను నవ్విస్తాడు. అదిగో మళ్లీ ఖాళీ పీరియడే. తర్వాత అదే కుర్రాడు ఆ మాస్టారికి ఒక పుస్తకం బహుమతిగా తెచ్చిస్తే ఆయన ఏడ్చేస్తాడు. ఆ అనుకరణను చాటుగా చూసిన ఆయన భార్య, ఆ బహుమతి కూడా లంచమేనని చెప్పి ఆయన సంతోషాన్ని నలిపేస్తుంది. ఆ భార్యకు సంబంధం ఉన్నది ఎవరితో? ఆ ఇష్టుడైన హంటర్‌తోనే. పిల్లలకు నచ్చినంత మాత్రాన మనిషి మంచివాడైపోడనీ, పిల్లలు వెక్కిరించే మనిషి లోపల ఏమీ లేనివాడు కాదనీ ఇందులో ఎవరూ డైలాగుగా చెప్పరు. ఆ కుర్రాడికి కూడా తను ఆయన్ని వెక్కిరించాడా ఇష్టపడ్డాడా అంటే రెండూ నిజమే, ఒకే సాయంత్రం.

పిల్లల చేత ఆడించే చిన్న నాటకంలో ఇంత లోతు కుదరదని అంటారు. కుదురుతుందనే నేనంటాను, ఎందుకంటే ఖాళీ పీరియడ్ ఎలా ఉంటుందో పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. ఆ సీన్‌కు డైలాగులు రాసివ్వడం అనవసరం. సారు ఇప్పుడే వెళ్లారు, ఐదు నిమిషాల్లో వస్తారు, చేయండి అని వదిలి చూడండి. తలుపు దగ్గర కాపలాకు ఒకడు వాడంతట వాడే వెళ్తాడు. ఎవరూ చెప్పకుండానే. అదే మేడమ్ వెళ్లారు అని చెప్తే కాపలా ఎవరూ ఉండరు, ఆవిడ తిరిగొచ్చేసరికి సగం మంది బెంచీల మీద ఉంటారు, ఒకరిద్దరు మాత్రం ఆవిడ మొహం చూసి గబగబా దిగి మిగతావాళ్లను లాగుతుంటారు. దర్శకుడు చేయాల్సిందల్లా అందులో పనికొచ్చేది నోట్ చేసుకోవడమే.

టీచర్ వేషాలు పెద్దవాళ్లకివ్వాలా పిల్లలకివ్వాలా అన్నది ఎప్పుడూ వచ్చే తగాదా. నా ఓటు పిల్లలకే. పెద్దాయన స్టేజీ మీదికొచ్చి బెత్తం ఎత్తితే హాల్లో ఉన్న చిన్నపిల్లలు నిజంగా బెదురుతారు, నాటకం అక్కడ ఆగిపోతుంది. పన్నెండేళ్ల కుర్రాడు వదులు చొక్కా వేసుకుని ఎత్తితే నవ్వుతారు, కాసేపటికి వాడు తను రోజూ చూస్తున్న ఎవరో ఒకరి నడకను అచ్చంగా దింపుతుంటే నవ్వు మెల్లగా తగ్గుతుంది, ముందు వరుసలో కూర్చున్న టీచర్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. చిక్కల్లా మేడమ్ వేషానికే. దానికి అందరూ క్లాసులో అతి మంచి పిల్లని ఎంచుతారు, ఆ పిల్ల నవ్వుతూ నిలబడిపోతుంది. అల్లరిలో ముందుండే పిల్లకివ్వండి. టీచర్ ఎక్కడ వదిలేస్తుందో, ఎక్కడ వదిలేసినట్టు నటిస్తుందో ఆ పిల్లకు లెక్కలతో సహా తెలుసు.